మొగ్గు తూకం

నేను ఒక ఇనప కాటాను. తూకం సరిగ్గా చెప్పినంత మాత్రాన న్యాయం జరిగినట్టేనా అన్న అనుమానం ఏళ్ళుగా నన్ను వదలడం లేదు. పెద్దలెవరైనా తీరుస్తారేమోనని చూశాను. నా మీదికెక్కిన వాళ్ళంతా తమ బరువు అడిగారే గాని, నా మనసులో బరువు ఎవరూ అడగలేదు.

నన్ను ఎక్కడో కొలిమిలో పోతపోసి, రైలెక్కించి, అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దింపారు. కింద వెడల్పాటి ఇనప పలక, దానికి నిలువుగా కంబం, కంబం మీద అడ్డంగా ఇత్తడి దండె, దండె మీద జరిగే చిన్న గుండు. ఇంతే నా శరీరం. బెల్లం దిమ్మలు పలక మీదికెక్కేవి, గుండు జరిగేది, దండె ఊగి ఊగి నిలిచేది. ఈగలు, చీమలు, తీపి వాసన. అదొక పుణ్యకాలం.

నా దగ్గర నిలబడి తూచిన మనిషి భోగలింగం. పెద్ద చదువు లేదు. పొద్దున్నే నుదుట విభూతి పెట్టుకుని, నా కంబానికి కూడా ఒక బొట్టు పెట్టి పని మొదలెట్టేవాడు. మా మార్కెట్టుకో ఆనవాయితీ ఉండేది. దండె మట్టంగా నిలిస్తే తూకం నిండినట్టు కాదు. కొస కాస్త పైకి లేవాలి. దాన్నే మొగ్గు అంటారు. మొగ్గు లేనిదే భోగలింగం నోట అంకె వచ్చేది కాదు. ఇంకో ఆనవాయితీ, ఒకసారి కాటా దిగిన సరుకు ఆ పూట మళ్ళీ కాటా ఎక్కకూడదు. ఎక్కితే ఎవడో ఏదో కలిపాడని అనుమానం పుడుతుంది.

తరవాత కరెంటు కాటాలొచ్చాయి. నన్ను మూలకి నెట్టారు. అదే ఏడాది భోగలింగాన్నీ ఇంటికి పంపారు. ఆయన వెళుతూ నన్ను పాత ఇనుము ధరకి కొనుక్కుని, బళ్ళో వేసుకుని తీసుకెళ్ళాడు. ఇంట్లోకి తెస్తే భార్య నూకరత్నం గుమ్మంలోనే ఆపేసింది. ఈ ఏనుగుని ఎక్కడ కట్టేస్తావని అడిగింది. దాంతో నేను పక్క వీధిలో కిక్‌బాక్సింగ్ నేర్పే షెడ్డుకి చేరాను. అది ఒకప్పటి బెల్లం గోడౌనే. గోడల్లో ఇంకా పాత వాసన ఉండేది. అక్కడ ఆటగాళ్ళని తూచే పని మా ఇద్దరిదీ.

భోగలింగానికి ఈ తన్నులాట పిచ్చి ఎలా పట్టిందో నాకు ఆశ్చర్యం. చీమని తొక్కినా శివ శివా అనే మనిషి. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో, ఏదో దేశంలో కొండల్లాంటి మనుషులు గాల్లోకి కాలెత్తి తన్నుకోవడం చూశాడట. అంత బరువు అంత తేలిగ్గా లేవడం దైవలీలగా కనిపించిందట. అప్పటి నుంచీ ఆయనకి హెవీవెయిట్ పోటీ ఒక్కటే పోటీ. తక్కినవన్నీ కోడిపిల్లల కొట్లాటలు.

కాని ఆ రోజులు పోయాయి. మా ప్రాంతంలో హెవీవెయిట్ అని చెప్పుకోడానికి మిగిలింది ఒక్కడు, కాకినాడ తాతారావు. పేరు ముసలిదే గాని మనిషి పాతికేళ్ళ వాడు, నూట పాతిక కిలోలు. వాడికి ఎదురు దొరికేవాడు కాదు. ఒక ఏడాది ప్రత్యర్థి మోకాలికి కట్టు కట్టుకుని వచ్చి మొదటి తన్నుకే పడుకున్నాడు. ఇంకో ఏడాది వచ్చినవాడు వాడి మెడ కౌగిలించుకుని వదల్లేదు. రెండు దున్నలు ఒకదాని మెడ మీద ఒకటి తల పెట్టుకుని కునుకు తీస్తున్నట్టుందని భోగలింగం నా పలక మీద కూచుని బాధపడ్డాడు. మిగతా ఏళ్ళలో ఎవరూ రాలేదు. తాతారావు ఒంటరిగా రింగులోకెక్కడం, రిఫరీ చెయ్యి పైకెత్తడం, దిగిపోవడం. జనం ఈలలేసి పల్లీలు తింటూ పోయేవారు. గుడి మూసేసిన తరవాత వచ్చిన భక్తుడిలా భోగలింగం మొహం వేలాడేసుకుని ఇంటికెళ్ళేవాడు.

ఇక్కడి నుంచీ నాకు భయం పట్టుకుంది.

షెడ్డూ పోటీలూ నడిపే చక్రధర్, బయటివాళ్ళు దొరక్కపోతే ఉన్నవాళ్ళనే బరువు పెంచి నిలబెట్టడం మొదలెట్టాడు. అందరూ బరువు తగ్గించుకుని పోటీకొస్తారు గాని ఇక్కడ మాత్రం మేపేవారు. మొదట అలా మేపిన వాడు ఈశ్వర్రావు అనే తాపీమేస్త్రి. మంచి ఆటగాడే, కాని తేలిక మనిషి. అరటిపళ్ళు, పెరుగన్నం, బిందెడు నీళ్ళు పట్టించి నా మీదికి ఎక్కించారు. దండె మొగ్గింది. తూకం సరైనదే. ఆ సాయంత్రం తాతారావు మోకాలు ఒక్కసారి లేచింది. ఈశ్వర్రావు అలా వాలినవాడు ఆస్పత్రిలో కళ్ళు తెరిచాడు గాని, ఇప్పటికీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి సగం నీళ్ళు ఒలికిపోతాయి. అప్పుడప్పుడు షెడ్డుకొచ్చి నా మీద నిలబడేవాడు. ఎందుకెక్కాడో మరిచిపోయి అలాగే ఉండిపోయేవాడు. ఆ కాళ్ళ వణుకు నా ఇనుములోకి దిగేది.

అయినా భోగలింగం ఆశ చావలేదు. మనుషుల భక్తి చిత్రమైనది, దేవుడు దొరక్కపోతే రాయిని చెక్కుతారు. ఆయన కన్ను వరహాలు మీద పడింది. వరహాలు లారీలకి బెల్లం ఎత్తే కుర్రాడు, ఆయనకి వరసకి మేనల్లుడు. వాడి కాలు లేస్తే కొరడా. కావలసిన తూకానికి మాత్రం చాలా తక్కువ. హెవీవెయిట్‌లో దిగాలంటే తొంభై ఒక్క కిలోలు దాటాలి. వేగం ముందు బరువెంతరా, నువ్వు తిను, మిగతాది నీ కాలు చూసుకుంటుంది, అని భోగలింగం వాణ్ణి ఒప్పించాడు. తాతారావుతో దిగితే చాలు, గెలిచినా ఓడినా షెడ్డులో నేర్పే పని నీదే అని చక్రధర్ మాటిచ్చాడు. బస్తాలు మోసి మోసి వరహాలు నడుం అప్పటికే నొప్పి. వాడు తినడం మొదలెట్టాడు.

నూకరత్నమే వండి పంపింది. పంపుతూనే తిట్టింది. ఆ గుంటడి తల్లి లేదు గనక సరిపోయింది, ఉంటే నీ పిలక కోసేదని మొగుడితో అందట. వరహాలు రోజూ నా మీదికెక్కేవాడు. గుండు కొంచెం కొంచెం ముందుకి జరిగేది. అది జరిగినప్పుడల్లా, ఈశ్వరా, వీడికి ఆకలి చచ్చిపోయేలా చెయ్యి అని మొక్కుకునేదాన్ని. కాటా మొక్కు ఏ దేవుడు వింటాడు.

పోటీ నాటి ఉదయం వచ్చింది. చక్రధర్ తెచ్చిన అద్దం కాటా గోడౌన్ ఎగుడుదిగుడు నేల మీద ఎక్కినప్పుడల్లా ఒక్కో అంకె చూపించింది. అందరూ నవ్వారు. చివరికి నన్ను తుడిచి మధ్యకి జరిపారు. నా పక్కన భోగలింగం నిలబడ్డాడు. విభూతి కింద నుదురు చెమటపట్టింది. చూడాలనుకున్నది చూడబోతున్నాడన్న సంతోషం ఆ మొహంలో నేను వెతికాను, దొరకలేదు.

ముందు తాతారావు ఎక్కాడు. నా కీళ్ళు మూలిగాయి. దిగుతూ, భోగలింగం పక్కన ఆగి మెల్లగా అన్నాడు, "నాకూ బాగా ఆడాలనే ఉంటాది బాబాయ్. సమానుడు లేడు. కొట్టకపోతే జనం తిడతారు, కొడితే ఇంటికెళ్ళి నాకు అన్నం దిగదు."

ఇంతలో జనాన్ని తోసుకుంటూ ఈశ్వర్రావు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. చొక్కా విప్పి మడత పెట్టి, తిన్నగా నా మీదికెక్కి నిలబడ్డాడు. వణుకుతున్న చేతులు పక్కలకి అదుముకున్నాడు.

"నా పోటీ ఎప్పుడు మేస్టారూ?" అని భోగలింగాన్ని అడిగాడు.

భోగలింగం దండె వంక చూడలేదు. ఈశ్వర్రావు చెయ్యి పట్టుకుని దింపి, చొక్కా తొడిగి, బొత్తాలు తనే పెట్టాడు. ఒక బొత్తాం తప్పుగా పెట్టాడు.

తరవాత వరహాలు ఎక్కాడు. పొట్ట డోలులా బిగిసి ఉంది, పెదాలు నల్లబడ్డాయి. భోగలింగం గుండుని తొంభై ఒకటి మీద పెట్టి వేలు తీశాడు. దండె లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. మెల్లగా మట్టంగా నిలిచింది. కొస అటూ ఇటూ కదల్లేదు. నా జన్మలో అంత భయంగా ఎప్పుడూ నిలబడలేదు.

"వచ్చేసింది, రాసుకోండి," అన్నాడు చక్రధర్.

"మొగ్గలేదు," అన్నాడు భోగలింగం.

"సమానంగా ఉంది కదండీ."

"సమానమంటే తొంభై ఒకటి. దాటాలని నువ్వే గదా రాయించావు. మొగ్గితేనే దాటినట్టు."

ఒక్క గ్లాసు నీళ్ళు తాగొస్తానని వరహాలు పలక దిగాడు. దిగగానే భోగలింగం చెయ్యి అడ్డం పెట్టి, కాటా దిగిన సరుకు ఈ పూట మళ్ళీ ఎక్కదన్నాడు. ఇదేమైనా బెల్లం మార్కెట్టా అని చక్రధర్ అరిచాడు. షెడ్డు నిండా ఉన్నది బెల్లం మార్కెట్టు వాళ్ళే. మళ్ళీ ఎక్కించడానికి వాళ్ళు ఒప్పుకోలేదు.

వరహాలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తినమన్నది నువ్వే గదా మామా."

"నేనే తినమన్నాను. నేనే వద్దంటన్నాను. నన్ను తిట్టుకో."

చక్రధర్ తాతారావు వైపు తిరిగాడు. తాతారావు అప్పటికే చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పుకుంటున్నాడు. బాబాయి కాటా మీద నాకు నమ్మకం, అన్నాడు.

ఆ సాయంత్రం మళ్ళీ అదే జరిగింది. తాతారావు ఒంటరిగా రింగులోకెక్కాడు, రిఫరీ చెయ్యెత్తాడు, జనం ఈలలేశారు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన పోటీని తన నోటితోనే ఆపేసిన భోగలింగం చివరి వరుసలో కూచుని చూశాడు. ఆయన మొహం వేలాడే ఉంది. కాని లేచి వెళ్ళేటప్పుడు, చాలా రోజులకి, మెట్టు మీద కాలు గట్టిగా ఆనించి దిగాడు.

నేర్పే పని వరహాలుకి దక్కలేదు. వాడు మామ ఇంటి ముందు నుంచి వెళ్ళడం కూడా మానేశాడు. వేగమే గెలిచేదేమో, పని దొరికేదేమో. నాకు తెలియదు. నా దండె జరిగిందే తూచగలదు, జరగనిది తూచలేదు.

కొత్త అమావాస్యకి జరిగే నూకాలమ్మ జాతర దగ్గరికొచ్చింది. నూకరత్నం షెడ్డుకి వచ్చి మరీ మొగుణ్ణి కడిగేసింది. పెళ్ళయిన కొత్తలో ఆయనకి అమ్మవారు పోసినప్పుడు ఆయన తల్లి నూకాలమ్మకి ఒక దిమ్మ బెల్లం మొక్కుకుందట. జన్మంతా బెల్లం మధ్య బతికిన మనిషి ఆ ఒక్క దిమ్మ ఇవ్వలేకపోయాడు, ఏటా రేపంటే రేపని. ఆయన సిగ్గుపడి, అప్పటికప్పుడు వెళ్ళి మంచి దిమ్మ తెచ్చి నా పలక మీద పెట్టాడు. తీపి వాసన నన్ను తాకి ఎన్నాళ్ళయిందో.

దాన్ని ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నీడ పడింది. వరహాలు ఎప్పుడొచ్చాడో, అత్త కబురు పెట్టిందో ఏమో, వంగి దిమ్మని భుజానికెత్తుకున్నాడు.

"పద మామా, ఎండెక్కకముందే అమ్మవారి బాకీ తీర్చేద్దాం," అన్నాడు.