గిన్నెలో ఒక గింజ

నేను చదవడం, రాయడం నేర్చుకున్నది అరవై ఎనిమిదో ఏట, ఊరి గ్రంథాలయంలో నడిచే సాయంత్రం బడిలో. అక్షరాలు తప్పినా, కథ నెమ్మదిగా నడిచినా మన్నించండి. ఒక్కో వాక్యానికి నాకు చాలాసేపు పడుతుంది.

క్వింతో ఒక గింజ తీసి గిన్నెలో వేశాడు. ఆ వెనకే ఇంకొకటి. ఒక ఆదివారం, ఫ్లోరెన్స్ నుంచి బస్సులో వచ్చినవాళ్ళు నలభైమందికి పైగా మా కోట బురుజు ఎక్కడానికి నిలబడ్డారు. మనిషి పైకి వెళితే ఒక అలసంద గింజ గిన్నెలో పడుతుంది, దిగివస్తే ఒకటి మళ్ళీ జేబులోకి పోతుంది. ఇటలీలో త్రాజిమేనో సరస్సు ఒడ్డున, ఆ రాతి గుమ్మం ముందు, ఎక్కినవాళ్ళు దిగారో లేదో చూడటమే మా ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన ఉద్యోగం. ఐదున్నరకు గిన్నె ఖాళీ అయితే తలుపుకు తాళం వేసేవాడు.

పొట్టి మనిషి. మెడ లేనట్టు తల నేరుగా భుజాల మీదే ఉండేది, తల మీద ఎప్పుడూ టోపీ ఉండేది. ఎడమ కన్ను కాస్త చిన్నది. కంగారు పుడితే చొక్కా రెండో గుండీని తిప్పేవాడు. ఏడాదికి రెండుసార్లు నేనా గుండీ కుట్టాల్సి వచ్చేది.

అంతకు నాలుగు వేసవుల ముందు, పైన బొమ్మ గీసుకుంటూ నిద్రపోయిన ఒక పెద్దాయనను చూసుకోక తాళం వేసేశాడు. ఆయన తెల్లవార్లూ అరిచాడట. సరస్సు గాలికి ఎవరికీ వినబడలేదు. మంచి మనిషి, ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. గింజల పద్ధతి అప్పుడే మొదలైంది, క్వింతోకు నిద్ర కరువైందీ అప్పుడే. భోజనం మధ్యలో చెంచా ఆపి, "గిన్నె ఖాళీయే కదూ?" అనేవాడు.

ఆ ఏడు వసంతంలో గుండె డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. అప్పటినుంచి కిందినుంచే మూడు కేకలు వేసి, గిన్నె చూసి, తాళం వేస్తున్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వేయించిన చేపలు, రొట్టె పట్టుకెళ్ళాను. ముట్టుకోలేదు.

"తినవయ్యా, చల్లారిపోతాయి."

"ఉండు. పైన పద్నాలుగు మంది ఉన్నారు."

"వాళ్ళేం ఎగిరిపోరులే."

"ఎగిరిపోయినా బాగుండును. దిగారో లేదో చూసే పని తప్పేది."

ఐదుంబావుకు గిన్నెలో ఒకే గింజ మిగిలింది. ఫ్లోరెన్స్ బృందం పెద్ద తనవాళ్ళందరూ ఎక్కారని చెప్పి బస్సు కదిలించుకుపోయాడు. గింజ అలాగే ఉంది. ఎదురుగా కాఫీ కొట్టు ఒత్తోరీనో కుర్చీలు సర్దుతూ అడిగాడు.

"ఏం క్వింతో, సాయంత్రానికి కూర అదేనా? ఒక్క గింజకు ఉప్పెంత వేస్తారేంటి?"

"నవ్వకు. ఎవరో పైన ఉండిపోయారు."

"ఒకరినొకరు అతుక్కుని దిగిన జంట ఉంది చూడు, వాళ్ళను ఒక్కరని లెక్కేసుంటావు."

క్వింతో గుండీ తిప్పాడు. తలుపులో తల పెట్టి మూడు కేకలు వేశాడు. జవాబు లేదు.

"ఒత్తోరీనోను ఎక్కమను," అన్నాను.

"వాడి మోకాలు ఆరో మెట్టు దగ్గరే ఆగిపోతుంది."

"అయితే అగ్నిమాపకం వాళ్ళను పిలుద్దాం."

"ఒక్క గింజ కోసమా? నా లెక్క తప్పయితే ఊరంతా నవ్వుతుంది, నవ్వనీ. తప్పు కాకపోతే? రాత్రంతా ఇంకో మనిషి అరవాలా?"

చేయి పట్టుకుని ఆపాల్సింది. ఆపలేదు. అతని అడుగుల చప్పుడు లోపల గుండ్రంగా తిరుగుతూ పైకి పోయింది. రెండుసార్లు ఆగింది, మళ్ళీ మొదలైంది.

పైన జరిగింది తర్వాత, అక్కడ ఉండిపోయిన పెద్దావిడ సిన్యోరా ఎర్సీలియా చెబితే తెలిసింది. అరెజ్జో నుంచి ఒంటరిగా రైలులో వచ్చిందామె. ఎక్కడం ఎక్కేసింది. దిగబోయి మెట్ల మధ్య ఆ లోతు చూసేసరికి కాళ్ళు బిగుసుకుపోయాయి. కేకలు విన్నది, పలకలేకపోయింది. గోడకు ఆనుకుని రెండు గంటలకు పైగా కూర్చుంది. క్వింతో బూడిద రంగు మొహంతో వచ్చి, ఆమె పక్కన కూలబడ్డాడట. ఊపిరి అందాక అడిగాడు.

"కేకేయకపోయారా అమ్మా?"

"సిగ్గేసింది. ఈ వయసులో ఇదేం భయం అనుకుంటారని."

"నేను ఎక్కకూడని మనిషిని, మీరు దిగలేని మనిషి. ఇద్దరం కలిస్తే ఒక సరైన మనిషి అవుతాం, లేవండి. నేను వెనక్కి నడుస్తూ ముందు దిగుతాను. మెట్లు చూడకండి, నా బట్టతల చూడండి. అంత అందంగా ఉండదు గానీ, లోతు మాత్రం లేదు."

ఆమె నవ్విందట. ఆ నవ్వుతో మొదటి కాలు కదిలిందట.

ఆమె రెండు చేతులూ పట్టుకుని, టోపీ లేకుండా, వీపు మాకు పెట్టి క్వింతో గుమ్మంలోకి రావడం నేను చూశాను. చివరి మెట్టు దిగేదాకా ఆ చేతులు వదల్లేదు. గింజను జేబులో వేసుకున్నాడు. "లెక్క తప్పలేదు," అని రాతి అరుగు మీద కూర్చున్నాడు. ఒత్తోరీనో దగ్గర నీళ్ళు తేవడానికి రోడ్డు దాటాను. తిరిగి వచ్చేసరికి ఎర్సీలియా అతని భుజం పట్టుకుని, "అయ్యా, అయ్యా," అంటోంది. అతను పలకలేదు.

ఖననం అయిన మూడో నాడు, ఆయన వస్తువులేమైనా ఉంటే తీసుకోమని పురపాలక సంఘం వాళ్ళు తాళంచెవి ఇచ్చారు. అన్నేళ్ళు భోజనం కింద గుమ్మం దాకే తెచ్చినదాన్ని, అప్పుడే మొదటిసారి ఆ మెట్లెక్కాను. పైన పిట్టగోడ మీద అతని టోపీ ఉంది, గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి పెట్టి ఉంది.

— నజ్జరేనా, డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు ఉండేది పెరూజియాలో, చెల్లెలి ఇంటి కింది గదిలో.