పొడిగాలి పరీక్ష

మా ఆయనకి చిల్లులంటే ప్రాణం. పెళ్ళయిన కొత్తలో "మీరు చేసే పనేమిటండీ?" అని అడిగితే, "కంటికి కనబడని చిల్లులున్న పొడి తయారుచేస్తాను" అన్నారు. దానికింత చదువెందుకు, మా పుట్టింట్లో ఎలుకలు బడికి పోకుండానే చేస్తున్నాయి అన్నాను. నవ్వారు పాపం.

మొదట్లో ఆ చిల్లుల్లోకి ఒక పదార్థాన్ని పంపి ఇంకొకటిగా మార్చే ఉత్ప్రేరకాలు చేసేవారు. జుట్టు నెరిసే వేళకి, విషపు ఆవిరిని పట్టి లోపల దాచేసే పొడి ఒకటి కుదిరింది. దాన్ని గింజలుగా చేసి, మాస్కులకు బిగించే డబ్బాల్లో నింపారు. ఇక సభలు, చప్పట్లు, పేపర్లో ఫొటోలు. ఇంట్లో మాత్రం బల్బు మార్చమంటే వారం పట్టేది.

తేమంటే ఆయనకి పామును చూసినంత భయం. పరీక్షకు ముందు పొడిని వేడిచేసి తడి ఆరగొట్టేవారు, దాని మీదికి పంపే గాలిని కూడా ఆరగొట్టేవారు. "తడి తగిలితే లెక్క చెడుతుంది" అనేవారు. ఆయన తోటివాళ్ళు కూడా అలాగే చేస్తారట.

ఆ డబ్బాలు మొట్టమొదట వెళ్ళింది మా తమ్ముడు పనిచేసే రంగుల ఫ్యాక్టరీకి. ద్రావకాల ట్యాంకుల్లోకి దిగి అడుగున పేరుకున్న మడ్డి గీకడం వాడి పని. ఆ ఆవిరికి ముందు ముక్కు మొద్దుబారుతుందట, తర్వాత మనిషే పడిపోతాడట. వద్దురా అంటే వినడు. "మా బావ చేసిన మాస్కుంది, నాకేంటి?" అని కనబడినవాడికల్లా టముకు వేశాడు. చివరికి ఫ్యాక్టరీలో దాని పేరే 'బావ మాస్కు' అయిపోయింది.

ఒకరోజు పొద్దున పనికి వెళుతూ, వాడేసిన డబ్బా ఒకటి బావకి చూపించమని ఇచ్చిపోయాడు. మా ఆయన దాన్ని కోసి, గింజలు పళ్ళెంలో పోసుకుని మురిసిపోతున్నారు. తలనొప్పికి ఆవిరి పట్టుకుందామని నేను మరుగుతున్న నీళ్ళగిన్నె తెచ్చి పక్కన పెట్టాను. ఆవిరి పళ్ళెం మీదికి పోయింది. అంతే, గుప్పున రంగుల వాసన! నాకు తల తిరిగింది.

"ఏమిటండీ ఈ కంపు?"

ఆయన పళ్ళేన్ని మళ్ళీ ఆవిరి మీదికి జరిపారు. మళ్ళీ అదే వాసన. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వదిలేస్తోంది. నీళ్ళకి చోటిచ్చి, పట్టుకున్నదాన్నంతా బయటికి గెంటేస్తోంది" అన్నారు. "మీ తమ్ముడు ఇవాళ ఎక్కడ?"

ట్యాంకును ముందు వేడి ఆవిరితో కడిగి, ఆ తర్వాత లోపలికి దిగే కొత్త పద్ధతి ఈ రోజే మొదలన్నాడు వాడు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు. మోగిస్తూనే ఉన్నాను, ఎత్తేవాడు లేడు. గేటు కాపలావాడి నంబరు నా దగ్గర ఏడిస్తేగా!

కారులో కూర్చున్నాక ఆయన నసిగారు. "ముందు ల్యాబులో ఒక్కసారి సరిచూసుకుంటే..."

"మీ సరిచూసుకోవడం తగలెయ్య! లోపలున్నది నా తమ్ముడండీ!"

కారు ఫ్యాక్టరీ వైపు తిప్పారు.

ఫ్యాక్టరీ వెనక ఆవరణలో ట్యాంకు మూతి చుట్టూ ఇంకా పొగలా ఆవిరి కమ్ముకుని ఉంది. పక్కన తాడు పట్టుకుని మా తమ్ముడు. బయటే ఉన్నాడు! హమ్మయ్య అనుకున్నాను. వాణ్ణి పట్టుకుని ఏడ్చేశాను కూడా.

వాడు నన్ను చూడటం లేదు. "లోపలికి దిగిన జతగాడు పలకట్లేదక్కా. తాడు లాగినా బదులివ్వట్లేదు" అంటూ మాస్కు తొడుక్కుంటున్నాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు పట్టీలు బిగించుకుంటున్నారు.

"భయం లేదు, బావ మాస్కుందిగా. ఇప్పుడే తీసుకొచ్చేస్తాం."

మేనేజరు మా ఆయనకి నమస్కారం పెట్టాడు. "సమయానికి వచ్చారు సార్, మావాళ్ళకి ధైర్యం."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళు తమ్ముడి మాస్కు మీదే ఉన్నాయి. ఒక్క మాటతో ఆయన బతుకంతా బూడిదవుతుందని నాకు తెలుసు. అయినా, దేవుడా, చెప్పించు అనుకున్నాను.

"తీసెయ్యండి" అన్నారు. తర్వాత అరిచారు. "తీసెయ్యండి! అది పనికిరాదు. తడిలో పనిచెయ్యదు. నేను పొడిగాలిలోనే చూశాను. బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్కులు తెండి!"

ఇద్దరు పరుగెత్తారు. మిగిలినవాళ్ళు తాడు పట్టారు. మా ఆయన కూడా పట్టారు. తాడు బరువుగా, మెల్లగా, అటునుంచి ఏ కదలికా లేకుండా వస్తోంది.

తమ్ముడు ముఖం మీది మాస్కు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"దిగనని మొండికేశాడు బావా" అన్నాడు. "నీ పేరు చెప్పి నేనే తొడిగాను."