వాగు దగ్గర మలిగిన పొలి

గీత అంటే ఏమిటో మా ఊరి వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రజాకార్ల కాలంలో పక్కనున్న మునగాల పరగణా మద్రాసు సర్కారు కింద ఉండేది, మా ఊరు నైజాం కింద ఉండేది. రెండింటికీ మధ్య ఒక మట్టిగట్టు, అంతే. ఇవతల దొరికితే వీపు చీరేసేవాళ్లు, అవతలికి దూకితే ముట్టేవాళ్లు కాదు. మా వదిన ఆ గట్టు ఎక్కుతుండగా తూటా తగిలి ఇవతలికే పడింది. ఒక్క అడుగు, అంతకన్నా ఏం లేదు. అందుకే మా ఊరి నర్సింగరావు దొర మా అన్నతో "ఒట్టి గీతనే గద" అన్నాడని వినగానే నాకు మా వదిన పడిన చోటే కనిపించింది.

మా అన్న ఐలయ్య. నా పేరు నాంచారమ్మ. పెనిమిటి పోయాక అన్న ఇంట్లోనే ఉండి, వదిన కూలికి పోతే అన్న కొడుకు జైరాంను నేనే పెంచాను. ఆ జైరాంను, దొరల మీద తిరగబడ్డ సంఘం మనిషని చెప్పి మిలిటరీవాళ్లు పట్టుకుపోయి సూర్యాపేట క్యాంపులో పెట్టారు. వాడు సంఘంలో చేసిందల్లా డప్పు కొట్టడమే. డప్పు కొట్టినవాణ్ణి పట్టుకుపోయినవాళ్లు, కోటలాంటి దొర గడిని తగలబెట్టినవాళ్లను మాత్రం పట్టుకోలేకపోయారు. ఏం మగతనమో!

గడి తగలబడిన రోజు దొర ఆడవాళ్ల సవారీ బండిలో దాక్కుని పట్నం పారిపోయాడు. మిలిటరీ వచ్చి నైజాం రాజ్యం ఖతమయ్యాక, నెత్తిన తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. ఇక వోట్లు వస్తాయట. గడిలో దొరకు ఎంతో, గూడెంలో నాకూ అంతే, తలా ఒక వోటట. ఈ మాట విని మేం ముసిముసిగా నవ్వుకున్నాం. మా గూడెం, దాని పక్క తండా కలిస్తే ఊరి కంటే మా జనమే ఎక్కువ. ఆ లెక్క మాకంటే ముందే దొరకు తెలిసింది.

ఏ ఊళ్లు కలిసి ఒక మెంబరును ఎన్నుకోవాలో సర్కిళ్లుగా కట్టాలని గిర్దావరు వచ్చాడు. భూములు, హద్దులు చూసే సర్కారు మనిషి. ఊరి పటం, నక్షా చూపించమన్నాడు. నక్షా గడితోపాటే కాలిపోయింది. అప్పుడు దొర చెప్పాడట: "ముత్యాలమ్మ పండుగ చేస్తున్నం. పొలి తిరిగినంత మేర మా ఊరు. మా తాతల కాన్నుంచి గదే హద్దు. మీరు ఎంబడి నడిచి రాసుకోండి." గిర్దావరుకు సంతోషమైంది. గొలుసు పట్టి కొలిచే పని తప్పింది కదా.

పొలి మోసేది మా అన్న. అమ్మకు దున్నపోతును కోసి, ఆ రక్తం కలిపిన అన్నం, అదే పొలి, గంపకెత్తుకుని, ఊరి చుట్టూ చల్లుకుంటూ పోవాలి. ఆ గీత లోపల ఉన్నవాళ్లను అమ్మ కాస్తుంది. మూడు రోజుల దాకా ఎవరూ దాన్ని దాటరాదు. బయటివాడు దాటితే వాడు పొలి దొంగ, ఊరి పంటనూ పాడినీ ఎత్తుకుపోయేవాడు. పొలి దొంగను కొట్టి చంపినా అడిగే నాథుడు లేడు.

పండుగకు ముందు దొర మా అన్నను పిలిపించాడు. పుట్టి బుద్ధెరిగాక దొర నోట "ఐలిగా" తప్ప వినని మనిషి, ఆ రోజు "ఐలయ్యా" అన్న పిలుపు విని, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాడట.

"జర ఇను ఐలయ్యా. వాగు కాడికి వచ్చినంక గూడెం సుట్టు తిరగకు. వాగు ఎంబడే గుడికి మలుగు. క్యాంపు సాబుకు నేను ఒక్క మాట చెప్తే నీ కొడుకు ఇంటికొస్తడు."

"గూడెం బయటపడతది గద, దొరా?"

"ఒట్టి గీతనే గద. గీత ఏమన్న కరుస్తదా?"

ఆ సాయంత్రం, మిలిటరీకి దొరక్కుండా దాక్కున్న సంఘం వెంకటయ్య మా ఇంటి వెనుక గడ్డివాములోంచి బయటికొచ్చాడు. ఎండిపోయి పుల్లలా ఉన్నాడు. జొన్న గటక పోసి, జరిగింది చెప్పాను.

"దొర వోట్లు దొంగిలిస్తడనుకుంటున్నరా అక్కా? వోట్ల దాంక ఆగడు. ముందుగాలనే మనుషులను ఇటోళ్లను అటు ఏస్తడు," అన్నాడు. "మనలను మిర్యాలగూడ దిక్కు సర్కిల్ల కలుపుతరు. ఆడ అన్ని దొర సుట్టాల ఊర్లే. చెరువుల ఉప్పు పోసినట్టయితది మన వోటు. మా సంఘం చెప్పేది గదొక్కటే. పోటీ చేసేటోడు గీత గియ్యొద్దు. మందిని లెక్కవెట్టి, నలుగురి ముందట గియ్యాలె."

"నీకేం నాయనా, గడ్డివాముల కూసోని మస్తు చెప్తవ్," అన్నాను. కోపమొచ్చింది మరి. "నీ కొడుకు లేడు గద ఆ క్యాంపుల!"

వెంకటయ్య గటక గిన్నె కింద పెట్టాడు. నిజం చెప్పాలంటే, వాడు చెప్పిన మాటలో ఒక్కటీ కాదనదగ్గది లేదు. మా అన్న మాత్రం లేచాడు. జైరాం డప్పు తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ గోడకే తగిలించాడు.

పండుగనాడు పొద్దు వంగే వేళ పొలి బయలుదేరింది. ముందు మా అన్న, వెనుక డప్పులు, ఆ వెనుక కాగితాలు పట్టుకుని గిర్దావరు. ఏటా వాగు దాటి మా వైపు రాగానే గూడెం ఆడవాళ్లం బిందెలతో పొలి మోసేవాడి కాళ్లు కడుగుతాం. ఆ రోజూ బిందెలతో నిలబడ్డాం. అన్న వాగు దాకా వచ్చాడు. నీళ్లలో ఒక కాలు పెట్టాడు. నన్ను చూశాడు. పెట్టిన కాలు వెనక్కి తీసి, ఒడ్డు వెంట గుడి వైపు మలిగాడు. గిర్దావరు ఏదో రాసుకున్నాడు. మా బిందెల్లో నీళ్లు అలాగే ఉండిపోయాయి. "మనలను ఇడిసిపెట్టిండే!" అని ఎవరో ఏడుపు అందుకుంది. నేను ఏడవలేదు. జైరాం వస్తాడని ఒక పక్క ఆశ, ఒక పక్క సిగ్గు.

పొలి మోసినవాడు మూడు రోజులు గుడిలోనే ఉండాలి. అన్న అటు ఉండిపోయాడు, మేము ఇటు. గీతకు కాపలాగా దొర కోదాడ దిక్కు నుంచి మా మొహాలెరగని కిరాయి మనుషులను తెచ్చి వాగు ఒడ్డున పెట్టాడు. మా ఊళ్లో కర్ర పట్టేవాళ్లు లేరా అని అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మూడోనాడు మధ్యాహ్నం వాగులో బట్టలు ఉతుకుతున్నాను. ఇంకొక్క పూట గడిస్తే గడువు తీరుతుంది. సూర్యాపేట బాట నుంచి ఎవడో దిగి వస్తున్నాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. అయినా పెంచిన చేతులకు నడక తెలియదా! జైరాం. బాట మీద దించిన దొర మనిషి "మీ నాయన గుడి కాడ ఉన్నడు, పోయి కలువు" అన్నాడట. పండుగ సంగతి గానీ, పొలి మలిగిన సంగతి గానీ చెప్పలేదని తర్వాత తెలిసింది.

వాడు గూడెం వైపు రాలేదు. చిన్నప్పటి నుంచి నడిచిన అడ్డదారిన, దూరంగా రేవు దగ్గర, వాగులో దిగాడు.

"జైరామూ! దాటకురా! ఆగు!" అని గుండె పగిలేలా అరిచాను.

నీళ్ల చప్పుడులో వాడికేం వినిపించిందో. అత్త సంతోషంతో పిలుస్తోందనుకున్నట్టున్నాడు. నవ్వుతూ చెయ్యి ఊపి, ఒడ్డెక్కాడు.

"ఎవడ్రా నువ్వు? ఏ ఊరు?" కిరాయి మనుషులు అడ్డం వచ్చారు.

"ఈ ఊరే. పొలి మోసే ఐలయ్య కొడుకును."

"గీత అవతలి నుంచి వచ్చి ఈ ఊరంటావేంట్రా? పొలి దొంగ!"

నేను వాగులో పడుతూ లేస్తూ పోయేసరికే అయిపోయింది. డప్పులాంటి గుండె, ఎన్ని దెబ్బలకు ఆగిందో. అరుపులు విని గుడిలోంచి అన్న వచ్చాడు. ఊరంతా వచ్చి దూరంగా నిలబడింది. దొర కూడా వచ్చాడు, టోపీ సర్దుకుంటూ.

"నేను మాట తప్పిన్నా ఐలయ్యా? ఇడిపిస్త అన్న, ఇడిపిచ్చిన. గీత దాటింది వాడు."

వాడి నోట మన్ను పడ!

అన్న కొడుకు కళ్లు మూశాడు. "గీత నేను గీసిందే, దొరా," అన్నాడు. లేచి గుడికి పోయి ఖాళీ గంప తెచ్చాడు. వాగు ఒడ్డున గొంతుక్కూర్చుని, ఎండిపోయిన పొలి మెతుకులను ఒక్కొక్కటే ఏరి గంపలో వేయసాగాడు. కర్రలవాళ్లు కదిలారు గానీ, గడువు తీరేదాకా పొలి మోసినవాణ్ణి ముట్టరాదు. దొర కూడా అమ్మకు భయపడేవాడే.

"ఏం చేస్తున్నవన్నా?"

"తప్పు గీత. తీస్తున్న."

నేనూ కూర్చున్నాను. గూడెం ఆడవాళ్లంతా వాగు దాటి వచ్చారు, తండా వాళ్లు వచ్చారు. అంతమంది మీద కర్ర ఎత్తే ధైర్యం కిరాయివాళ్లకు లేకపోయింది. కాసేపటికి ఊళ్లోంచి కూడా కొందరు తలలు వంచుకుని వచ్చి కూర్చున్నారు. చీమలు పట్టుకుపోయినవి పోగా మిగిలినవన్నీ మట్టితో సహా ఎత్తాం.

"కాయితం మీది గీత ఉండనే ఉన్నది గద," అన్నాను.

"గందుకే," అన్నాడు అన్న. "సూర్యాపేట కచేరిల గిర్దావరు బల్ల మీద పోస్త. గీత దేంతోని గీసిన్రో సూసుకోని రాసుకోమంట."

గంప నెత్తిన పెట్టుకున్నాడు. జైరాంను మంచం మీద పడుకోబెట్టి మేము ఎత్తుకున్నాం. ఎవరో మా ఇంటి గోడ మీది డప్పు తెచ్చి మంచం మీద పెట్టారు. సూర్యాపేట బాట పట్టాం.