తూటాకి బ్రేకు

ముప్ఫై కోడిగుడ్లు ఒకేసారి గాల్లోకి లేచినప్పుడు డ్రైవింగ్ స్కూల్ మాస్టారు గేటు పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో కుక్క తాడు ఉండాలి. లేదు. అది ఇంటి ఓనరమ్మ కాళ్ళకి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. దాని చివర కుక్కపిల్ల తూటా ఉంది. తూటాకి జానెడు ముందు ఓనరమ్మగారి పిల్లి, ప్రాణాలు తోకలో పెట్టుకుని గోడ ఎక్కుతోంది.

గుడ్లు నేలమీద పడ్డాయి. గుడ్ల మీద ఓనరమ్మ పడింది.

"ఆదివారం," అంది ఓనరమ్మ, మోచేతికి కారుతున్న సొన తుడుచుకుంటూ. ఆ గొంతులో కోపం లేదు. అదే మాస్టారికి భయం పుట్టించింది. "ఆదివారం పొద్దున పది గంటలకి. ఈ గేటు నుంచి మలుపులో బేకరీ దాకా, మళ్ళీ వెనక్కి. నా పిల్లి బంగారం గోడ మీదే ఉంటుంది. నేను వెనకాలే నడుస్తా. ఒక్కసారి కుక్క లాగి తాడు బిగిసిందా, అది ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. లేదంటే దాంతోపాటు మీరూ వెళ్ళిపోవాలి."

"పిన్నిగారూ, అది పసిది..." కిటికీలోంచి మాస్టారి భార్య.

"పసివాళ్ళు పాలు తాగుతారమ్మాయ్. మనుషుల్ని పడగొట్టరు."

తూటా బరువు ఆరు కిలోలు. అందులో ఐదు కిలోలు పరుగే. పావురం ఎగిరితే పరుగు, ఆకు రాలితే పరుగు, సైకిల్ చక్రం తిరిగితే పరుగు. కదిలేది ఏదైనా దాని సొత్తే. దాన్ని వదులుకోవడం మాత్రం జరగని పని. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మాస్టారి భార్య నోరు తెరిచి అడిగింది ఆ కుక్కపిల్ల ఒక్కదాన్నే. రోజంతా ఇంట్లో ఒంటరిగా కర్టెన్లు కుట్టుకునే ఆవిడ, అది వచ్చాకే మిషన్ దగ్గర కూనిరాగాలు తీయడం మొదలుపెట్టింది. ఆ రాత్రి ఆవిడ తూటాని ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది.

మాస్టారికి అది చాలు. తాడోపేడో తేల్చుకోవాల్సిందే.

"ఇరవై ఆరేళ్ళలో నాలుగు వేల మందికి బండి నేర్పాను," అన్నారు. "గేరుకీ హారనుకీ తేడా తెలియని వాళ్ళని కూడా రోడ్డెక్కించాను. ఆరు కిలోల దీన్ని నేర్పలేనా?"

"ఆ నాలుగు వేల మందీ కనీసం సీట్లో కూర్చున్నారండీ," అంది భార్య.

మర్నాడే పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారు. ఆవిడ చెప్పింది సులువుగానే ఉంది. కుక్క లాగితే స్తంభంలా ఆగిపోవాలి. మీరు దాన్ని లాగకూడదు, తిట్టకూడదు. అది వెనక్కి తిరిగి మీకేసి చూసి, తాడు వదులైతే ఓ ఉడికించిన చికెన్ ముక్క పెట్టి కదలాలి. లాగితే ప్రయాణం ఆగుతుంది, లాగకపోతే సాగుతుంది. అంతే.

మాస్టారు దానికి తన తరహా జోడించారు. నోటు పుస్తకంలో పాఠాలు రాసుకున్నారు. మొదటి పాఠం: గేటు దాటడం. రెండో పాఠం: పావురాలు. మూడో పాఠం: పిల్లి. తూటా వీపున పట్టీకి అట్టముక్క మీద ఎర్రటి 'ఎల్' రాసి కట్టారు.

మొదటి రోజు పన్నెండు అడుగులు నడిచారు. నలభై నిమిషాలు పట్టింది. లాగడం, ఆగడం, లాగడం, ఆగడం. ఎదురుగా సైకిల్ షాపతను పంక్చర్ పని పక్కన పడేసి స్టూల్ వేసుకు కూర్చున్నాడు.

"ఏం మాస్టారూ, పెట్రోల్ అయిపోయిందా? తొయ్యమంటారా?"

"నువ్వు గాలి కొట్టుకోవయ్యా!"

"మీది ఎటూ దిగిపోయిందిగా!"

మూడో రోజు ఏదో జరిగింది. చెత్తడబ్బా వెనకనుంచి పావురం లేచింది. తూటా కండలు బిగిశాయి. కానీ తాడు బిగియలేదు. కుక్క ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి, చికెన్ ఏదీ అన్నట్టు చూసింది. నాలుగో రోజు సైకిల్ వచ్చింది, తూటా ఆగింది. ఐదో రోజు గోడమీద సాక్షాత్తూ బంగారం ఒళ్ళు విరుచుకుంది. తూటా ఒళ్ళంతా వణికింది, మూలిగింది, ఆగింది.

మాస్టారు ఆ పూట రెండంగుళాలు పొడుగెక్కి ఇంటికొచ్చారు. "అయిపోయింది! లైసెన్సు ఇచ్చెయ్యొచ్చు!"

శనివారం పొద్దున్నే ఓనరమ్మ మెట్లు దిగి వచ్చింది. "మాస్టారూ, రేపు తాడు మీరు పట్టుకోకూడదు. మీరు పగలంతా స్కూల్లో ఉంటారు. దాన్ని తిప్పేది మీ ఆవిడ. అమ్మాయే పట్టుకోవాలి."

న్యాయంగానే ఉంది.

పావుగంట తర్వాత భార్య తాడు పట్టుకుని గేటు దాటింది. పావురం లేచింది. తూటా పేలింది. ఆవిడ వీధి మలుపు దాకా వెళ్ళి, కుంటుకుంటూ, ఒక చెప్పుతో తిరిగొచ్చింది.

"నువ్వు స్తంభంలా ఆగలేదు!"

"ఆగానండీ! స్తంభాన్నే పీకేసింది!"

"నాకెందుకు ఆగుతుంది మరి?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. పట్టుకోండి తాడు. నడవండి. నేను వెనకనుంచి చూస్తా."

మాస్టారు నడిచారు. తూటా బుద్ధిమంతురాలిలా పక్కన నడిచింది. భార్య పది అడుగుల వెనక. పావురం లేచింది, తూటా ఆగింది. సైకిల్ వచ్చింది, ఆగింది. మూడోసారి భార్య పకపకా నవ్వడం మొదలుపెట్టి, కడుపు పట్టుకుని కాలిబాట మీదే కూర్చుండిపోయింది.

"మీ కుడికాలు! మీ కుడికాలు చూసుకోండి!"

మాస్టారు కిందికి చూసుకున్నారు. కుడికాలు నేలని గట్టిగా తొక్కి పట్టి ఉంది.

నేర్పే కారులో మాస్టారి సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. పక్కవాడు చూడని గుంతా, పక్కవాడు చూడని ఆవూ ముందు ఆయనకే కనబడతాయి. ముందు ఆయన కాలే పడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా పడుతూనే ఉంది. పెళ్ళికెళ్ళే బస్సులో వెనక సీట్లో కూర్చున్నా పడుతుంది. నిద్రలో పడితే భార్య పిక్కకి తగులుతుంది. తాడు పట్టుకున్నప్పుడూ అంతే. పావురం కనబడగానే కాలు 'ఠప్'మంటోంది. ఆ తర్వాతే ఆయన ఆగుతున్నారు, ఆ తర్వాతే చికెన్ వస్తోంది. డాక్టరమ్మ పాఠాన్ని తూటా ఎప్పుడో పక్కన పెట్టేసింది. దానికి తెలిసిన చదువు ఒక్కటే: ఠప్ అంటే ఆగు, ఆగితే చికెన్.

"అంటే వారం రోజులు నేను దీనికి..."

"మీ చెప్పు చప్పుడు నేర్పారు," అంది భార్య కళ్ళు తుడుచుకుంటూ. "పోనీ, నాకూ నేర్పండి."

ఆ సాయంత్రం గేటు ముందు పాఠం మొదలైంది. విద్యార్థిని భార్య. అదీ అంత సులువు కాలేదు. ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషన్ పెడల్ తొక్కే కాలు అది. తొక్కితే పరిగెత్తడమే దానికి తెలుసు, తొక్కితే ఆగడం తెలీదు. పైగా ప్రతిసారీ ఆలస్యం.

"పావురం లేచాక తొక్కితే బ్రేకు కాదే, పశ్చాత్తాపం! ముందు చూడాలి! రోడ్డు చూడు, గోడ చూడు, గోడ వెనక చూడు!"

"అరవకండి. నేను మీ నాలుగు వేల మందిలో దాన్ని కాదు."

ఆవిడ రోడ్డు చూడటం మానేసింది. తూటానే చూసింది. సూది విరిగే ముందు గుడ్డ మీద మిషన్ చప్పుడు మారుతుంది. ఆ మార్పు చెవిన పడగానే మిషన్ ఆపడం ఆవిడకి అలవాటు. తూటాలోనూ అలాంటిదేదో ఉండాలి. ఉంది. దూకే ముందు ఎడమచెవి మొదలు దగ్గర చిన్నగా మడత పడుతోంది. మడత పడగానే ఆవిడ తొక్కింది. ఠప్. తూటా ఆగింది. మళ్ళీ మడత, మళ్ళీ ఠప్. చీకటి పడేసరికి ఇరవైలో పంతొమ్మిది.

మాస్టారు నోటు పుస్తకం మూసేశారు. దాంట్లో చెవుల గురించి ఒక్క ముక్క లేదు.

ఆదివారం. పది గంటలు. సైకిల్ షాపతను స్టూల్ తెచ్చుకోవడమే కాదు, ఇద్దరు స్నేహితుల్ని కూడా తెచ్చుకున్నాడు. ఓనరమ్మ బంగారాన్ని గోడ మీద కూర్చోబెట్టి, గొడుగు చంకన పెట్టుకుని వెనకాల నిలబడింది. ఆవిడ పక్కన మాస్టారు. ముందు భార్య, చేతిలో తాడు, తాడు చివర తూటా.

"కానివ్వండి," అంది ఓనరమ్మ.

గోడ దగ్గర చెవి మడత. ఠప్. దాటారు. చెత్తడబ్బా దగ్గర రెండు పావురాలు. ఠప్. దాటారు. సైకిల్ షాపతను కావాలని ఒక చక్రాన్ని రోడ్డు మీదికి దొర్లించాడు. ఠప్. చక్రం తిరిగి తిరిగి పడిపోయింది. తూటా దానికేసి ఒక్క చూపు చూసి చికెన్ నమిలింది. బేకరీ వచ్చింది. వెనక్కి తిరిగారు. తాడు ఊయలలా వేలాడుతూనే ఉంది.

ఇంకా ఇరవై అడుగులు. సరిగ్గా అప్పుడు బంగారం గోడ దిగింది.

దిగి, నడిరోడ్డు మీదికి పరిగెత్తింది. మలుపులోంచి బేకరీ వ్యాను వస్తోంది.

"బంగారం!" ఓనరమ్మ గొడుగు వదిలేసి పిల్లి వెనక పరుగు లంకించుకుంది. చెప్పులు టపటపా కొట్టుకుంటున్నాయి, జుట్టుముడి ఊడి ఎగురుతోంది. ఏ పాఠంలోనూ లేని వేట అది. పిల్లి ఒక్కటే కాదు, పిల్లి వెనక ఓనరమ్మ!

తూటా రెండు చెవులూ మడతపడ్డాయి. భార్య తొక్కింది. వెనక మాస్టారూ తొక్కారు. ఒకేసారి రెండు ఠప్‌లు. తూటా చతికిలబడింది.

కానీ భార్య ఆగలేదు. వ్యాను కనబడగానే, "పిన్నిగారూ, ఆగండి!" అంటూ చేతిలో తాడుందన్న సంగతే మరిచి ముందుకి దూకింది.

వ్యాను కీచుమని ఆగింది. పిల్లి దాని కిందినుంచి దూరి సైకిల్ షాపు మెట్టెక్కింది. ఓనరమ్మ దాన్ని ఎత్తి గుండెకి హత్తుకుని, రొప్పుతూ ఇటు తిరిగింది.

తిరిగి చూసింది ఇదీ: బట్టలారేసే తీగలా బిగిసిన తాడు. ఈ చివర బలమంతా పెట్టి ముందుకి వంగిన మాస్టారి భార్య. ఆ చివర నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, వెనక్కి వాలి, కదలనుగాక కదలనని కూర్చున్న తూటా.

మాస్టారి కుడికాలు ఇంకా నేలని తొక్కిపట్టే ఉంది.

"తాడు బిగిసింది పిన్నిగారూ," అంది భార్య. అబద్ధం ఆడదామన్నా బిగిసిన తాడు ఇంకా చేతిలోనే ఉంది.

"కనబడుతోంది. లాగిందెవరు?"

"నేనే."

"కుక్క?"

"కూర్చుందండీ!" వ్యాను డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "నేను చూశాను. దానికి చెప్పగానే ఆగింది. ఆవిడకే ఎవరూ చెప్పలేదు."

సైకిల్ షాపతను స్టూల్ మీంచి పడ్డాడు. ఓనరమ్మ మూతి ఒక పక్కకి వంకరపోయింది. ఆపుకుందామనే చూసింది. కుదరలేదు. పిల్లి అదిరిపోయేలా నవ్వింది.

"నా కోసమేనా అలా దూకావు?"

"వ్యాను వస్తోంది కదండీ మరి!"

ఓనరమ్మ కాసేపు భార్యకేసి, కాసేపు తూటాకేసి చూసింది. "కుక్క లాగకూడదన్నాను. అది లాగలేదు. మనుషుల గురించి నేనేమీ అనలేదు. ఉండనివ్వండి. కానీ పొద్దున ఏడింటికల్లా తిప్పి లోపలికి తీసుకుపొండి. బంగారం ఎనిమిదింటికి బయటికొస్తుంది."

"ఏడేం ఖర్మ, ఆరున్నరకే!" అన్నారు మాస్టారు.

"నిద్ర లేచేది మీరు కాదుగా," అంది భార్య. తాడు మడిచి ఆయన జేబులో కుక్కింది. తూటాని రెండు చేతుల్తో ఎత్తుకుని, మిగిలిన ఇరవై అడుగులూ దాన్ని నడిపించకుండానే ఇంట్లోకి తీసుకుపోయింది.