నాలుగు నడకల సగటు

సోమవారంలోగా తేల్చి చెప్పమన్నారు హెడ్మాస్టరు రామచంద్రమూర్తి గారు. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఉడుములకొండ చుట్టూ ఒక రోజు నడకకి తీసుకెళ్ళడమా, బస్సు మాట్లాడి అమరావతి మ్యూజియానికి తీసుకెళ్ళడమా అన్నది తేలాలి. బస్సయితే చిక్కు లేదు. ఎక్కించడం, దించడం, తలలు లెక్కపెట్టుకోవడం. కొండకైతే ఏ దారిన వెళ్ళేదీ, ఎక్కడికి ఎన్నింటికి చేరేదీ అటవీశాఖ వాళ్ళకి రాసివ్వాలి. వాళ్ళు బడిపిల్లల్ని పొద్దున తొమ్మిదికి లోపలికి వదులుతారు. మధ్యాహ్నం మూడు దాటితే లోపల ఉండనివ్వరు.

"మేడంగారి లెక్క ప్రకారం మూడింటికి బయటపడలేం కదండీ," అంటూ ఆయన నోటుబుక్కుని బల్ల మీద ప్రసన్నకుమార్ వైపు తిప్పారు. "నడక అయిదు గంటల ఇరవై నిమిషాలు. భోజనానికీ, చెట్లవీ చూపించడానికీ ఒక గంట. ఆరూ ఇరవై. మనకున్నది ఆరు గంటలే."

ప్రసన్నకుమార్ ఆ బడిలో లెక్కల మాస్టరు. నోటుబుక్కు అతని భార్య మహిమది. అదే బడిలో జీవశాస్త్రం చెప్పేది. ఏప్రిల్లో పోయింది. బీరువా ఖాళీ చేస్తుంటే ఈ పుస్తకం కొత్త టీచరు శివపార్వతికి దొరికింది. ఆమే తెచ్చి హెడ్మాస్టరుకి ఇచ్చింది.

పేజీకి ఎడమవైపు ఒకటి నుంచి ఏడు దాకా రాళ్ళ పేర్లున్నాయి. కొండ మీద నుంచి గడ్డిమోపులు తెచ్చే ఆడవాళ్ళు దారిలో నడుమెత్తు బండలు చూసుకుని, వాటి మీద మోపు దించి ఊపిరి తీసుకుంటారు. దూరం ఎంతని అడిగితే వాళ్ళు మైళ్ళు చెప్పరు, రాళ్ళు చెబుతారు. ఉడుములకొండ చుట్టు దారి ఏడు రాళ్ళు. మహిమ ఆ రాళ్ళనే గుర్తులుగా పెట్టుకుని, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకొకసారి చుట్టూ నడిచి, ఏ రాయి దగ్గరికి ఎంతసేపు పట్టిందో నాలుగు వరసల్లో రాసుకుంది. మొదటిసారి నాలుగు గంటల పది నిమిషాలు. రెండోసారి నాలుగూ నలభై. మూడోసారి అయిదూ ఇరవై అయిదు. నాలుగోసారి ఏడు గంటల అయిదు నిమిషాలు. ఆ ఆఖరి వరసలో రాళ్ళ దగ్గర ఏమీ రాయలేదు. మొత్తం ఒక్కటే ఉంది.

కింద ఎర్ర సిరాతో ఉంది సగటు. అయిదు గంటల ఇరవై నిమిషాలు. ఆ దస్తూరి ప్రసన్నకుమార్‌ది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అతను జవాబుపత్రాలు దిద్దుతుంటే ఆమె ఈ పేజీ తెచ్చి ముందు పెట్టింది. వీటిల్లో ఏది రాసివ్వను అని అడిగింది. సగటు తీస్తే సరి అని, చేతిలో ఉన్న ఎర్ర పెన్నుతోనే కూడి, నాలుగుతో భాగించాడు. శేషం లేకుండా వచ్చిందని సంతోషించాడు కూడా. అంకెలు ఎందుకు పెరుగుతున్నాయని అడగకపోలేదు. పిల్లల నడకకి తగ్గట్టు మెల్లగా నడుస్తున్నానంది. మంచి పని చేశావన్నాడు. తర్వాతి జవాబుపత్రం తీసుకున్నాడు.

ఆఫీసు గదిలో అతను ఆ పేజీని ఎక్కువసేపు చూడలేదు.

"రేపు శనివారం నేను ఒకసారి నడిచి చూస్తానండీ," అన్నాడు. "నాలుగు గంటల్లో వచ్చేస్తే కొండకే వెళ్దాం."

"మీకెందుకండీ శ్రమ. మ్యూజియం కూడా పిల్లలకి మంచిదే."

"ఈ నడక ఆవిడ మొదలుపెట్టిందండీ. పూర్తి కాకుండా మిగిలింది ఇదొక్కటే."

మార్చిలో గుంటూరు డాక్టరు పరీక్షలన్నీ చూసి, గుండె కండరం బాగా పలచబడిందని చెప్పాడు. నవంబరులో తీసుకొచ్చినా మందులతో నిలబెట్టేవాళ్ళమన్నాడు. ఎప్పటినుంచో ఆయాసం ఉండి ఉండాలే, ఇంట్లో ఎవరూ గమనించలేదా అని అడిగాడు. లేదని చెప్పాడు ప్రసన్నకుమార్. ఇంట్లో ఉన్నది అతనొక్కడే.

అందుకే శుక్రవారం రాత్రి పడుకుని, రేపు తనకి కూడా అయిదు గంటలు పట్టాలని కోరుకున్నాడు. అయిదు పడితే మహిమ అనుకున్న నడక ఉండదు, పిల్లలు బస్సెక్కుతారు. కానీ ఆ దారి అలాంటిదేనని, ఎవరికైనా అంత పడుతుందని తేలుతుంది. నాలుగే పడితే నడక నిలుస్తుంది. అప్పుడు మిగతా మూడు వరసలూ ఏమిటన్నది కూడా తేలిపోతుంది.

*

కొండమ్మ కొండకింద పల్లెలో ఉంటుంది. అరవైకి దగ్గర పడింది. పత్తి తీతకీ మిరప కోతకీ పోతుంది, పనిలేని రోజుల్లో కొండకి పోయి గడ్డి తెస్తుంది. మహిమ వెళ్ళే చర్చికే ఆమె కూడా వెళ్తుంది. నాలుగుసార్లూ మహిమకి దారి చూపించింది ఆమే. ప్రసన్నకుమార్ బండి ఆపేసరికి కొడవలి నడుముకి దోపుకుని గట్టు మీద కూర్చుని ఉంది. అతని కాళ్ళ వంక చూసింది.

"ఏంది సారూ, పాలిషు పెట్టుకొచ్చారు. కొండకా, పెళ్ళిచూపులకా?"

"నాకున్నవి ఇవేనక్కా."

"సరే పదండి. జారితే నేను పట్టుకోను. నా నడుము నాకే ఆగట్లేదు."

తొమ్మిదికి బయలుదేరారు. సీతాఫలం తుప్పల మధ్య నుంచి దారి పైకి పోతోంది. పైన తునికి చెట్లు, చండ్ర చెట్లు. నేల మీద ఆకులు మందంగా పడి ఉన్నాయి. ప్రసన్నకుమార్ గడియారం చూసుకుంటూ కావాలనే మెల్లగా అడుగులు వేశాడు. మొదటి రాయి దగ్గర ఆగి టైము రాసుకున్నాడు. మహిమ మొదటి వరస కన్నా ఒక్క నిమిషం తేడా.

"ఊరేగింపా సారూ ఇది?" అంది ముందు నడుస్తున్న కొండమ్మ. "ఇట్టా నడిస్తే మాపటికి ఇక్కడే ఉంటాం."

"పిల్లల నడక నడుస్తున్నానక్కా. వాళ్ళు నిదానంగా వస్తారు కదా."

ఆమె నవ్వింది. "బళ్ళో కూర్చోబెట్టి చూసేవాళ్ళు మీరు. బయట చూడాలి ఆళ్ళని. మేకపిల్లల్లాగా పోతారు. ఆపలేక మనం చావాలి."

రెండో రాయి కూడా మొదటి వరసకి సరిపోయింది. మూడో రాయి దగ్గర దారి నిటారుగా ఉంది. అక్కడ అతనికి చెమట పట్టింది, ఊపిరి కొంచెం ఎగపోసింది. అది అతనికి ఊరటగా అనిపించింది. కానీ రెండు నిమిషాల్లో అది తగ్గిపోయింది. నలభై ఆరేళ్ళ మనిషి, ఎన్నడూ కొండెక్కనివాడు, నల్లబూట్లు వేసుకుని మూడో రాయి దాటి మామూలుగా ఊపిరి తీసుకుంటూ నడుస్తున్నాడు.

నాలుగో రాయి కొండ నడినెత్తిన ఉంది. అక్కడికి వచ్చేసరికి కొండమ్మ తనంతట తానే కూర్చుంది. కింద మైదానమంతా కనబడుతోంది. తెల్లగా పత్తి చేలు, మధ్యలో పచ్చగా మిరప. దూరంగా చిలకలూరిపేట వైపు హైవే మీద జిన్నింగు మిల్లుల రేకుల కప్పులు, వరసగా లారీలు.

"ఆఖరిసారి టీచరమ్మ ఇక్కడ కూర్చుంది," అంది.

ప్రసన్నకుమార్ నిలబడే ఉన్నాడు. "ఎంతసేపు?"

"నాకు గడియారం చూడటం రాదు సారూ. ఎండ ఆ తుప్ప మీద నుంచి ఈ బండ మీదికొచ్చింది. అంతసేపు. మొదటిసారి నాకంటే ముందు నడిచింది. చెట్టు చెట్టుకీ ఆగి పేరు చెప్పింది, నాకు తెలిసిన చెట్లకే. రెండోసారి నా ఎనక నడిచింది. మూడోసారి ప్రతి రాయి కాడా కూర్చుంది. నాలుగోసారి ఇక్కడి నుంచి అటు దిగలేదసలు. నేను ఒద్దన్నా. చెయ్యి పట్టుకుని వచ్చిన దారినే దించుకొచ్చా."

"చుట్టూ తిరగలేదా?"

"తిరగలేదు."

అతను నోటుబుక్కు తీశాడు. నాలుగో వరసలో రాళ్ళ దగ్గర ఏమీ లేకపోవడానికి కారణం అదన్నమాట. చుట్టే పూర్తికాని నడకని మిగతా మూడింటితో కలిపి నాలుగుతో భాగించాడు తను. ఖాళీ గడులు ఏడు కళ్ళముందే ఉన్నాయి. ఏ పిల్లవాడైనా అలాంటి పట్టిక తెచ్చి చూపిస్తే, ఇవేం చేశావురా అని అడిగేవాడు.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పబాకంది. సారుకి తెలిస్తే కొండ మానిపిస్తారు, పిల్లలకి మాటిచ్చానంది. కోతలు అయిపోగానే తీసుకెళ్ళాలని పట్టుబట్టింది." కొండమ్మ కొడవలి తీసి బండ మీద పెట్టింది, మళ్ళీ తీసుకుంది. "మీకు తెలిసే ఉంటదనుకున్నా. ఒక ఇంట్లో ఉండే మనుషులు గదా. ఇంటికాడ మెట్లెక్కేటప్పుడన్నా తెలవదా అనుకున్నా."

వాళ్ళది మేడ మీద వాటా. పద్దెనిమిది మెట్లు. ఆ చలికాలం అంతా ఆమె అతన్ని ముందు పొమ్మనేది. కింద ఇంటావిడతో మాట్లాడి వస్తాననేది. అతను పైకి పోయి లైటు వేసి, పుస్తకాలు ముందేసుకునేవాడు.

"నేను చెప్పుంటే బతికేదా సారూ?"

ఆమె అతని ముఖంలోకి చూడకుండా అడిగింది. ఏడు నెలలుగా ఆ మాట అడగడానికి మనిషి దొరక్క ఆమె దాన్ని మోస్తోందని అతనికి అర్థమైంది. నవంబరు అన్న డాక్టరు మాట చెవిలో ఉంది.

"బతికేది కాదక్కా," అన్నాడు. "అప్పటికే చెయ్యిదాటిపోయింది."

అతను జీవితంలో తప్పు జవాబుని తెలిసి ఒప్పని చెప్పింది అదొక్కసారే.

కొండమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "దేవుడు పిలుచుకున్నాడులే," అంది. తర్వాత లేచి, అటువైపు దిగడం మొదలుపెట్టింది. అతను వెనకే నడిచాడు. ఇంక మెల్లగా నడవాలని ప్రయత్నించలేదు. అయిదో రాయి, ఆరో రాయి, ఏడో రాయి. మహిమ మూడుసార్లు దిగిన దారి. ఆమె రాసుకున్న మద్ది చెట్టు, వాగు మలుపు, నెమళ్ళు తిరిగే చదును అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. నాలుగో రాయి దగ్గర ఆగిన ఇరవై నిమిషాలూ తీసేస్తే నాలుగు గంటల అయిదు నిమిషాల్లో బండి దగ్గరికి వచ్చారు.

"చూశారా, ఎంతసేపని," అంది కొండమ్మ. "పిల్లలైతే ఇంకా తొరగా వస్తారు."

*

సోమవారం ప్రార్థన అవగానే హెడ్మాస్టరు గదికి వెళ్ళాడు.

"నాలుగూ పది సరైనదండీ. నడిచి చూశాను. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు."

"సంతోషం." రామచంద్రమూర్తి గారు నోటుబుక్కు మళ్ళీ తిరగేశారు. "మరి ఈ మిగతా మూడూ? ఇంత తేడా ఉంటే అటవీశాఖ వాళ్ళు అడుగుతారు. కారణం ఒక ముక్క రాయండి కింద."

ప్రసన్నకుమార్ అక్కడే నిలబడి, పట్టిక కింద రాశాడు. 'రెండు, మూడు, నాలుగు నడకల్లో ఆలస్యం కొలిచినవారి గుండె జబ్బు వల్ల. నాలుగోసారి చుట్టు పూర్తి కాలేదు. ఈ అంకెలు ఫిబ్రవరిలోనే వారి భర్త చూశారు. సగటు తీశారు. గమనించలేదు.'

హెడ్మాస్టరు చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. గోడ మీది కాలెండరు వంక కాసేపు చూశారు.

"ప్రసన్నకుమార్ గారూ, ఇది మనం ఆఫీసుకిచ్చే కాగితం అండీ."

"అడుగుతారన్నారు కదా."

"అడుగుతారు. కానీ జబ్బు మాట చూస్తే ఆ దారి పిల్లలకి ప్రమాదమేమోనని ఆపేస్తారు. మీరే ఆలోచించండి." ఆయన గొంతు తగ్గించారు. "ఇవన్నీ ఎందుకు మీకు. మొదటి వరస ఒక్కటే ఉంచి, వేరే తెల్లకాగితం మీద రాసివ్వండి. ఇంకెవరూ ఏమీ అడగరు."

"నేను రాసింది నిజమండీ."

"నిజమే. కాదన్నానా? కాకపోతే అది ఎవరికివ్వాలో నాకు తెలియదు." నోటుబుక్కు మూసి అతని చేతికిస్తూ అడిగారు, "శనివారం మీరే ముందుండి నడిపిస్తారా?"

"శివపార్వతి టీచరు నడిపిస్తారండీ. కొండమ్మ తోడు వస్తుంది. నేను రాను."

ఆయన ఇంక బలవంతపెట్టలేదు.

మొదటి పీరియడు అతనికి క్లాసు లేదు. స్టాఫు రూములో కూర్చుని తెల్లకాగితం మీద గీతలు కొట్టాడు. ఏడు రాళ్ళ పేర్లు రాశాడు. వాటి ఎదురుగా నవంబరు నెల అంకెలు ఒక్కొక్కటే ఎక్కించాడు. కూడి చూశాడు, పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి. నాలుగు గంటల పది నిమిషాలు. దారి చూసి రాసినవారు అన్నచోట మహిమ పేరు రాశాడు. కాగితం చూసినవాళ్ళకి ఒక మనిషి పొద్దున్నే బయలుదేరి, చెట్లకి పేర్లు చెప్పుకుంటూ కొండ చుట్టి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికి వచ్చేసినట్టే ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. దిద్దడానికి కూడా ఏమీ లేదు. అతను దాన్ని మడతపెట్టకుండా పట్టుకెళ్ళి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టాడు.