కరమత్సుకు నిద్ర చెడింది

అక్టోబరు మొదట్లో మా అమ్మ, పేరు టోవా, మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ వయసు పైబడింది కనుక మంచు కరిగేదాకా ఆస్పత్రిలోనే ఉంచి నడిపిస్తామన్నారు. అమ్మకు కాలి గురించి బెంగ లేదు, బెంగంతా పెరట్లో బల్లల మీదున్న బోన్సాయ్ చెట్ల గురించే. నాకు రొట్టెల దుకాణం ఉంది, చీకటితోనే పొయ్యి దగ్గరుండాలి. అన్నయ్య గెంజో రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు, చలికాలమంతా ఇంటిపట్టున ఉండడు. ఇక మిగిలింది వదిన.

వదిన పేరు చిజురు. పుట్టిపెరిగింది దక్షిణాన మియాజాకిలో. నలభై దాటాక అన్నయ్యను చేసుకుని ఆ వేసవిలోనే ఉత్తరపు కొసనున్న మా నయోరో వచ్చింది. సెప్టెంబరు వెళ్ళకముందే గది వెచ్చబెట్టే స్టవ్ పక్కకు చేరి, మళ్ళీ మేలో గానీ అక్కణ్ణుంచి లేవనంది. చెట్ల పెంపకం ఆమెకు బొత్తిగా కొత్త. అమ్మ మంచం మీద నుంచే వరసగా చెప్పేసింది. నీళ్ళు తగ్గించు, తొట్లన్నీ బల్లల మీంచి దించి ఉత్తరపు గోడవార నేల మీద పెట్టు, మంచు వాటిని పూడ్చేస్తుంది, పూడ్చనీ, తియ్యకు. వదిన అన్నిటికీ తలూపింది.

ఆ చెట్లలో ఒక కరమత్సు ఉంది. నేను పుట్టిన ఏడు అమ్మ రైలుకట్ట పక్క నుంచి పెకలించి తెచ్చిన మొక్క అది. దాన్ని నా తోడబుట్టిందనేవారు ఇంట్లో. చూడటానికి సన్నటి సూదుల్లాంటి ఆకులతో పైన్ చెట్టులాగే ఉంటుంది. అక్టోబరు చివర్లో ఆ సూదులన్నీ పసుపు తిరిగి, రెండు మూడు గాలులకు మొత్తం రాలిపోయాయి. పైన్ చెట్టు ఆకు రాల్చడం వదిన పుట్టి ఎరగదు. చెట్టు తన చేతుల్లోనే చచ్చిపోతోందనుకుంది. అమ్మకు చెప్పే ధైర్యం లేకపోయింది. అన్నయ్యకు చెప్తే అమ్మదాకా వెళ్తుంది. మిగతా తొట్లన్నీ గోడవార దించి, దాన్ని మాత్రం మేడమీద బట్టలారేసే గదిలోకి మోసుకెళ్ళి, చిన్న స్టవ్ వెలిగించి పక్కన పెట్టింది. రోజూ గోరువెచ్చటి నీళ్ళు పోసింది. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి.

జనవరిలో ఓ మధ్యాహ్నం ఇద్దరం అమ్మను చూడటానికి వెళ్ళాం. దారి పొడుగునా వదిన మొహం వెలిగిపోతోంది. మంచం పక్కన కూర్చుని, నారింజ వలిచి అమ్మ చేతికి తొనలు అందిస్తూ, ఇక ఆపుకోలేకపోయింది.

"అత్తయ్యా, మీ కరమత్సు చిగురేసిందండీ. ఎంత పచ్చగా ఉందో."

అమ్మ చేతిలో తొన చేతిలోనే ఉండిపోయింది.

"ఎక్కడ పెట్టావు దాన్ని?"

వదిన చెప్పింది. సూదులు రాలడం, స్టవ్, గోరువెచ్చటి నీళ్ళు, ఏదీ దాచలేదు. చెప్తున్నకొద్దీ అమ్మ మొహం చూసి గొంతు తగ్గుతూ వచ్చింది.

"మీ మియాజాకిలో చెట్లకి స్వెటర్లు కూడా అల్లుతారా?" అంది అమ్మ. "కరమత్సు ఏటా ఆకు రాలుస్తుంది. ఊరి చుట్టూ కొండలన్నీ పసుపెక్కితే నీ కళ్ళకి ఆనలేదా?"

వదిన నారింజ తొక్కలు కాగితంలో నెమ్మదిగా మడిచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"అది పెట్టు, ఇది తియ్యకు అన్నారు. ఎందుకో ఒక్కదానికీ చెప్పలేదు. అడిగితే నవ్వుతారని నేనూ అడగలేదు. తప్పు నాదే అత్తయ్యా. కానీ సగమే."

పక్క మంచం ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. మా అమ్మతో అలా మాట్లాడినవాళ్ళని నేను చూడలేదు, మా నాన్నతో సహా.

"సగమేనా?" అంది అమ్మ.

"సగమే."

"సరే అయితే, దగ్గరకి జరుగు, చెప్తాను."

ఆ రోజు అమ్మ చాలాసేపు మాట్లాడింది. చలికాలం చెట్టుకు నిద్ర అనీ, ఆ నిద్ర దక్కకపోతే ఏడాదంతా నీరసిస్తుందనీ చెప్పింది. పైనున్న కొమ్మలు ఎంత చలికైనా ఓర్చుకుంటాయి, లోతులేని తొట్టిలో వేళ్ళు ఓర్చుకోలేవు, వాటికి మంచే దుప్పటి అంది. ఇప్పుడు లేచిన చెట్టును మళ్ళీ మంచులో పెడితే లేతచిగురు ఒక్క పూటలో మాడిపోతుంది. అలాగని వేడిలో ఉంచితే సాగి సాగి సొమ్మసిల్లుతుంది. గడ్డకట్టని చలి, మంచి వెలుతురు, ఆ రెండూ కావాలి.

అలాంటి చోటు ఇంట్లో ఒకటే ఉంది, వీధితలుపు ముందున్న అద్దాల వసారా. వదిన పగలు చెట్టును అక్కడ ఉంచి, పొద్దుగూకగానే లోపలి గడప మీదకు తెచ్చేది. మంచు తుఫాను రోజుల్లో దూది కోటు తొడుక్కుని, ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని తనూ దాని పక్కనే కూర్చునేది, చలి మరీ ముదిరితే వెంటనే లోపలికి తేవచ్చని. దుకాణం మూసి వస్తూ నేనూ ఓ బన్ను తీసుకెళ్ళి కూర్చునేదాన్ని. ఫిబ్రవరి నడిమికి ఆమె స్టవ్ సంగతే ఎత్తడం మానేసింది. ఇంట్లో ఉక్కగా ఉందని తలుపు తీసిందట, అన్నయ్య ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు.

మార్చి చివర్లో, మంచు కరగడం మొదలయ్యాక, అమ్మ చేతికర్రతో ఇంటికొచ్చింది. ముందు చెట్టు దగ్గరకే వెళ్ళింది. సూదులు పొడుగ్గా, పాలిపోయి వేలాడుతున్నాయి. మే వరకు నిలబడింది చెట్టు. జూన్‌లో కొసలు ఎండటం మొదలైంది. జూలైలో ఓ ఉదయం వదిన నీళ్ళు పడుతుంటే అమ్మ బోదె మీద బెరడు గోటితో గీరింది. లోపల పచ్చదనం లేదు. ఇంకోచోట గీరింది. అక్కడా లేదు.

"చిజురూ, ఇక నీళ్ళు పోయకు," అంది.

వదిన డబ్బా కింద పెట్టి, అక్కడే చతికిలబడిపోయింది. అమ్మ కర్ర గోడకానించి, నొప్పి కాలు చాపుకుని, మెల్లిగా ఆమె పక్కనే కూర్చుంది. బన్నులిచ్చి పోదామని వచ్చిన నాకెందుకో మళ్ళీ దుకాణానికి వెళ్ళబుద్ధి కాలేదు ఆ రోజు.

ఆ శరత్తులో తొట్లన్నీ వదినే దించింది. ప్రతి తొట్టి దగ్గరా ఎందుకని అడిగింది. అమ్మ విసుక్కుంటూనే ప్రతిదానికీ జవాబు చెప్పింది. ఒకటి రెండిటికి తనకూ తెలియదని ఒప్పుకుంది.

మరుసటి ఏప్రిల్ చివర్లో, మొగ్గలు విప్పకముందే, అన్నయ్య స్నేహితుడి పొలం గట్టుకు వెళ్ళాం ముగ్గురం, ఆయన్ని అడిగే. కాలవ వెంట కరమత్సు పిల్లమొక్కలు బోలెడు. అమ్మ రోడ్డు మీదే నిలబడి, నిటారుగా చక్కగా ఉన్నదాన్ని కర్రతో చూపించి తవ్వమంది. వదిన దాన్ని దాటుకుని వెళ్ళి, మంచు బరువుకు నేలకు వంగి మళ్ళీ పైకి లేచిన ఒక వంకర మొక్క దగ్గర మోకాళ్ళూనింది.

"అదెందుకూ, గూనిది," అంది అమ్మ.

"నాకిదే కావాలి అత్తయ్యా."

అమ్మ చూపిస్తున్న కర్ర దించింది. వేరు చుట్టూ మన్ను వీలైనంత ఎక్కువ ఉంచమంది, తడిగోనెలో చుట్టమంది, ఎందుకో కూడా చెప్పింది. మేలో ఆ మొక్క చిగురించింది. కొమ్మను కావలసినట్టు వంచే రాగితీగ ఇప్పుడే చుట్టాలని వదిన, ఒక ఏడాది ఆగాలని అమ్మ. ఆ వాదన ఇంకా తెగలేదు.