పరాయి పేరు మీద

ఆ నగరంలో సగం వీధుల వాళ్లకు ఆమె అసలు పేరు తెలియదు. కార్డమ్మ అంటే చాలు, ఎవరో ఇట్టే చెప్పేస్తారు. ఆరోగ్య బీమా లేనివాళ్లను వెతికి పట్టుకుని, సర్కారు బీమాలో చేర్పించి, చేతికి కార్డు వచ్చేదాకా వాళ్ల వెంటపడడం ఆమె ఉద్యోగం. మామూలు రోజుల్లో పురపాలక కార్యాలయంలో మెట్ల కింద గదిలో కూర్చుంటుంది. ఆ గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, పైన ఏటవాలుగా మెట్ల అడుగుభాగం. కొత్తవాళ్లెవరైనా లేచేటప్పుడు నెత్తి కొట్టుకోవలసిందే. "బీమా వచ్చేసిందిగా, ఎన్నిసార్లు కొట్టుకున్నా పర్లేదు" అని ఆమె నవ్వేది. నెత్తి రుద్దుకుంటూ వాళ్లూ నవ్వేవాళ్లు. వారంలో ఒకటి రెండు సార్లు మాత్రం పెద్దాసుపత్రికి వెళ్లి, కార్డు లేకుండా మంచమెక్కిన రోగుల దగ్గర తానే కూర్చుని వివరాలు రాసుకునేది.

ఆ ఉదయం ఆడవాళ్ల సర్జరీ వార్డులో, తుంటి విరిగిన ఒక కూరగాయలమ్మే ముసలామెతో కుస్తీ పడుతోంది.

"వయసెంత పెద్దమ్మా?"

"ఎంతో కొంత నువ్వే వేసెయ్యి తల్లీ. నిన్నెవరడుగుతారు?"

"అందరూ అడుగుతారు పెద్దమ్మా. అడగడమే వాళ్ల పని."

"అయితే తగ్గించి వెయ్యి. కోడలు వింటోంది."

కార్డమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇంకా నోట్లో ఉండగానే, వార్డు చివర కిటికీ పక్క మంచం మీద నుంచి ఒక నీరసపు గొంతు వినిపించింది. "కాసిని మంచినీళ్లు ఇప్పించండమ్మా."

కార్డమ్మ చేతిలో కలం ఆగిపోయింది. తల్లి పోయాక తనకు జడలు వేసి బడికి పంపిన మనిషి గొంతు అది. ముక్కు చీదించిన మనిషి, పరీక్ష తప్పినప్పుడు వీపు విమానం మోత మోగించి మళ్లీ దగ్గర కూర్చోబెట్టుకున్న మనిషి గొంతు. గొంతు పోల్చుకోవడంలో పొరపాటు పడడానికి అది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిదా? కూరగాయల ముసలామెను అలాగే వదిలేసి గబగబా కిటికీ దగ్గరికి వెళ్లింది.

మంచం మీద అక్క. మొన్న ఆదివారం ఎదురుగా కూర్చుని తనకు కొసరి కొసరి వడ్డించిన అక్క. కళ్లు పచ్చబడి, పెదాలు ఎండిపోయి, కుడి డొక్క చేత్తో అదుముకుని ముడుచుకు పడుకుని ఉంది.

"అక్కా! ఏమైంది నీకు? ఎప్పుడొచ్చావు? నాకెందుకు చెప్పలేదు?"

అక్క కళ్లు విప్పింది. చెల్లెల్ని చూసింది. ఒక్క క్షణం ఆ మొహంలో ప్రాణం లేచొచ్చినట్టయింది. అంతలోనే తలుపు మూసేసినట్టు మొహం మూసుకుపోయింది.

"ఎవరమ్మా మీరు?" అంది. "నన్ను చూసి ఇంకెవరో అనుకుంటున్నట్టున్నారు."

మీరు అట! పుట్టి బుద్ధెరిగాక అక్క తనను "మీరు" అనడం అదే మొదటిసారి. జబ్బు తలకెక్కిందేమో, మతి తప్పిందేమో అని భయం వేసి నుదుటి మీద చెయ్యి వేయబోయింది. అక్క ఆ చేతిని తోసేసింది. ఆ కళ్లలో ఉన్నది మతిమరుపు కాదు, బతిమాలడం.

నర్సు మంచినీళ్లు తెచ్చి, "లేవమ్మా, తాగు" అంటూ పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు అక్కది కాదు. మంచం తలవైపు పలక మీద రాసి ఉన్నదీ అదే పేరు. అక్కవాళ్ల ఎదురింట్లో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ పేరు. ఆవిడకు కార్డు చేయించింది స్వయానా కార్డమ్మే.

విషయం ఆమెకు అప్పుడు అర్థమైంది. పరాయి మనిషి కార్డు మీద వైద్యం చేయించుకోవడం నేరం. కార్డు ఇచ్చినవాళ్లదీ నేరమే. ఆ సంగతి ఆ ఊళ్లో అందరికంటే ఎక్కువసార్లు చెప్పిన మనిషి తనే. అయినా అక్కకు ఇదేం ఖర్మ? బావ పనిచేసే నూలుమిల్లు కుటుంబం మొత్తానికి బీమా కట్టేది కదా!

ఈ లోపల కుర్ర డాక్టరు వచ్చాడు. చేతిలో స్కానింగు ఫిల్ము, మొహంలో అయోమయం.

"సిస్టర్, ఇదేం విడ్డూరమండీ? మూడేళ్ల కిందట ఇక్కడే ఆపరేషన్ చేసి ఈవిడ గాల్ బ్లాడర్ తీసేశామని రికార్డుంది. తీరా చూస్తే అది ఉన్నచోటే ఉంది, పైగా చీము పట్టి. తీసేసింది మళ్లీ మొలిచిందా?"

"ఎవరి రిపోర్టో కలిసిపోయుంటుంది సార్" అంది నర్సు.

"సరే, అది తర్వాత చూద్దాం. జ్వరం ఎక్కువగా ఉంది. మధ్యాహ్నం ఆపరేషన్. ముందు ఇంజెక్షన్ మొదలుపెట్టండి. పోయినసారి ఈ మందే ఇచ్చారు, ఇబ్బందేం రాలేదని రాసుంది. ఏమ్మా, పోయినసారి ఏం కాలేదుగా?"

అక్క చెల్లెలి వంక చూడకుండా తలాడించింది. ఏమీ కాలేదని.

నర్సు మందు సిరంజిలోకి ఎక్కిస్తూ దాని పేరు పైకి చదివింది. చిన్నప్పుడు కాలికి మేకు గుచ్చుకుంటే అక్కకు ఇదే మందు వేశారు. చూస్తుండగానే మొహం బూరెలా పొంగిపోయింది, ఊపిరి అందక కళ్లు తేలేసింది. నాన్న భుజాన వేసుకుని పరిగెత్తాడు. ఆ గురక చప్పుడు కార్డమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు. అక్కకు మాత్రం ఆ మందు పేరు ఏనాడూ తెలియదు. పుట్టింటి పాత కాగితాలన్నీ దాచుకున్నది, చదివింది చెల్లెలే.

నోరు మూసుకుంటే అక్క పోతుంది. నోరు విప్పితే అక్క కేసులో ఇరుక్కుంటుంది. ఆలోచించడానికి వ్యవధి లేదు. సూది సెలైన్ గొట్టం దాకా వచ్చేసింది.

"ఆగండి!" అని అరిచింది. వార్డంతా తిరిగి చూసింది. "ఆ మందు వెయ్యొద్దు. ఆవిడకి పడదు. ప్రాణం పోతుంది."

"మీకెలా తెలుసు?" అన్నాడు డాక్టరు.

"ఆవిడ మా అక్క. ఆ కార్డు ఆవిడది కాదు."

నర్సు చేతిలో సిరంజి ట్రేలో పడింది. డాక్టరు మొహం పాలిపోయింది. ఒకసారి ఫిల్ము వంక, ఒకసారి సిరంజి వంక చూసి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. "నేను... నేనే చెప్పాను కదండీ వెయ్యమని" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. అక్క మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

తర్వాత వార్డు వార్డంతా అట్టుడికిపోయింది. పెద్ద డాక్టరమ్మ వచ్చింది, వేరే మందు రాసింది, రక్తం మళ్లీ పరీక్షకు పంపింది. ఆసుపత్రి ఆఫీసు నుంచి సూపర్నెంటు ఊడిపడ్డాడు. పోలీసులకు చెప్పాల్సిందే అంటాడు, ఆపరేషన్ ఆపాల్సిందే అంటాడు. డాక్టరమ్మ అతణ్ని పైనుంచి కిందికి చూసి, "ఆపితే సాయంత్రానికి శవాన్ని అప్పజెప్తాను. ఏ పేరు రాసుకుంటారో మీ ఇష్టం" అంది. అతను గతుక్కుమని తగ్గాడు.

కార్డమ్మ వరండాలోకి వచ్చి గోడకు చేరబడింది. అక్కడ బెంచీ మీద చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని బావ కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే దొంగతనం పట్టుబడినవాడిలా లేచి నిలబడ్డాడు.

"మిల్లు బీమా ఏమైంది బావా?"

"మిల్లే లేదమ్మా. మూతపడి రెండేళ్లు దాటింది."

"రెండేళ్లా!" ఆమె గొంతు కీచుమంది. "నేను ప్రతి ఆదివారం మీ ఇంటికొచ్చి భోంచేస్తున్నాను. నువ్వు షిఫ్టు సంగతులు చెప్తావు. మేస్త్రీని తిడతావు!"

"మూతపడకముందు తిట్టినవే మళ్లీ తిట్టేవాణ్ని" అన్నాడు బావ తల వంచుకుని. "ఇప్పుడు మార్కెట్లో బస్తాలు దింపుతున్నా. నీకు చెప్పొద్దని మీ అక్క ఒట్టేయించుకుంది."

"ఎందుకు? నేనేమన్నా పరాయిదాన్నా? నా పనే అది! ఊరందరికీ చేసేదాన్ని మీకు చెయ్యనా?"

బావ గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు మా ఇంటికొచ్చి, నీ దగ్గరికి వచ్చేవాళ్ల కబుర్లు చెప్పి నవ్విస్తావు కదమ్మా. వయసు చెప్పనివాళ్లు, నెత్తి కొట్టుకునేవాళ్లు. నవ్వుతాం మేం కూడా. రాత్రి పడుకునేటప్పుడు మీ అక్క అనేది, రేపు నేనూ వెళ్తే ఎవరింట్లోనో నేనూ ఒక కబురవుతాను అని. దాన్ని చదివించింది నేను, దాని బల్ల ముందు చెయ్యి చాచి ఎలా కూర్చోను అనేది."

చెంప మీద కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. ఆ కబుర్లలో చెడ్డతనం లేదు, అందరూ నవ్వేవే. అవి వింటూ అక్క రెండేళ్లుగా లోపల్లోపల కుంచించుకుపోతోందని కార్డమ్మ కలలో కూడా అనుకోలేదు.

అంతలో వరండా అటు చివర నుంచి గొంతు వినిపించింది. ఇస్త్రీ ఆవిడ. ఎవరు చెప్పారో, చెంగు నడుముకు దోపుకుని పరిగెత్తుకుంటూ వచ్చేసింది. వస్తూనే, అప్పుడే వార్డులోంచి బయటికొచ్చిన సూపర్నెంటు ముందు నిలబడింది.

"ఇచ్చింది నేనయ్యా. ఆవిడ వద్దంటే నేనే చేతిలో పెట్టా. నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? ఏం చేస్తావో నన్ను చెయ్యి."

"అది గొడుగనుకున్నావా, పక్కింటికి ఎరువివ్వడానికి?" అని గసిరాడతను.

"గొడుగైతే ఇచ్చి మర్చిపోయేదాన్ని. ఇది ఇచ్చినప్పట్నుంచి నిద్ర లేదు" అంది ఆవిడ. అని వరండాలోనే కూర్చుని ఏడ్చేసింది. బావ ఆ మందు మాట చెప్పగానే ఆవిడ ఏడుపు కూడా ఆగిపోయింది. "నా కార్డు వల్లా? నా కార్డు వల్ల పోయేదా?" అని అదే మాట పదేపదే అడుగుతూ ఉండిపోయింది.

ఆసుపత్రిలో చేరిన రోజు నుంచే వర్తించేలా అత్యవసర రోగిని బీమాలో చేర్చే వీలుంది. కాని సొంతవాళ్ల దరఖాస్తు సొంతవాళ్లే ఖాయం చేయకూడదు. కార్డమ్మ తన పై అధికారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. "వివరాలు నువ్వు రాయి. సంతకం నేను చేస్తా, దారిలో ఉన్నా" అన్నాడాయన.

అక్క మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అక్క గోడ వైపు నుంచి తిరగలేదు.

"పేరు?" అంది కార్డమ్మ.

అక్క తన పేరు తాను చెప్పుకుంది.

"పని?"

"నీకు తెలీదా?"

"తెలుసనుకున్నా. తెలీదు. చెప్పు."

"హోటల్లో గిన్నెలు తోముతున్నా. నువ్వు ఆఫీసుకెళ్లే దారిలోదే. నువ్వు బస్సు దిగేటప్పుడు లోపలికెళ్లిపోతా."

కార్డమ్మ కలం పక్కన పెట్టేసింది. రోజూ ఆ హోటలు ముందు నుంచే నడిచింది. అక్క చెయ్యి పట్టుకుంది. వేళ్లు నానిపోయి, గోళ్ల పక్కన చీలి ఉన్నాయి. ప్రతి ఆదివారం తనకు వడ్డించిన చేతులే. ఎప్పుడూ చూడలేదు.

"నన్ను ఎవరమ్మా మీరు అన్నావు" అంది. ఇక ఆపుకోలేకపోయింది.

"ఆ మాట అన్నాక బతకాలనిపించలేదే" అంది అక్క. "అందుకే వాళ్లేమడిగినా తలాడించా."

ఆపరేషన్ జరిగింది. ఇంకొక పూట ఆలస్యమైతే గాల్ బ్లాడర్ పగిలిపోయేదని డాక్టరమ్మ చెప్పింది. కుర్ర డాక్టరు ఆ తర్వాత రోజూ అక్క మంచం దగ్గరికి వచ్చి, "మీ పేరు చెప్పండమ్మా" అని ఆమె నోటితోనే చెప్పించుకున్నాక గాని చెయ్యి పట్టుకుని నాడి చూసేవాడు కాదు. పోలీసు కేసు కాలేదు గాని విచారణ జరిగింది. ఇస్త్రీ ఆవిడ కార్డును కొన్నాళ్లు ఆపేశారు. కార్డమ్మ ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, చలికాలం దాటాక దాన్ని వెనక్కి తెప్పించింది. తెచ్చిస్తే ఆవిడ దాన్ని రెండు వేళ్లతో, నిప్పును పట్టుకున్నట్టు పట్టుకుంది.

అక్క ఇంటికొచ్చిన కొత్తలో బావ ఒక పొద్దున కార్డమ్మను మార్కెట్ యార్డుకు తీసుకెళ్లాడు. మిల్లు మూతపడ్డాక అందులో పనిచేసినవాళ్లు చాలామంది అక్కడే చేరారు. లారీల పక్కన టీ తాగుతున్నారు.

"మీలో బీమా ఎవరికుంది?" అని అడిగింది.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రతివాడూ తనొక్కడికే లేదనుకుంటున్నాడు, పక్కవాడికి తెలియకుండా దాస్తున్నాడు. ఒకతను మెల్లగా చొక్కా గుండీ విప్పి, మెడ కింద నిమ్మకాయంత గడ్డ చూపించాడు. బావ రోజూ అతనితో కలిసి బస్తా ఎత్తేవాడు. "ఎప్పట్నుంచిరా?" అని మాత్రం అనగలిగాడు.

కార్డమ్మ లారీ తొట్టి అంచు మీద సంచీ పెట్టి కాగితాలు తీసింది. ముందుగా గడ్డ ఉన్నతణ్ని పిలిచి, పక్కన బస్తా చూపించి, "కూర్చో అన్నా" అని, తను నిలబడే రాయసాగింది.